నా గదికి వెళ్ళే పైపు

ఏవండీ,

బాగున్నారా అని రాయబోయి ఆగాను... మీరు పోయి మూడేళ్ళు దాటినా ఆ అలవాటు పోలేదు. నేనింకా ఈ కొండల్లోనే, పెద్ద మేడమ్ దగ్గరే వంట పనిలో ఉన్నాను. పిల్ల నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది.

చెబితే నవ్వుతారు. ఈ ఇంటికి హీటింగ్ పెడుతున్నారు! "దుబాయొచ్చి సలంటావేంటే మార్తా" అని ఫోన్లో ఎంత ఆటపట్టించేవారు? సముద్రం ఒడ్డున ఉమ్ అల్ క్వైన్ లేబర్ క్యాంపులో ఉన్న మీకు ఈ కొండల జనవరి ఏం తెలుసు?

పెద్ద మేడమ్ కీళ్ళు పట్టేసి నేల మీద కాలు మోపలేకపోతోంది. రెండు చలికాలాలు ఆవిడ పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దాను. చివరికి వాళ్ళబ్బాయి, అదే నాకు వీసా ఇచ్చిన కఫీల్, గదులన్నిటిలో నేల తవ్వించి వేడినీళ్ళు తిరిగే పైపులు పరిపించాడు. మేడ లేని ఇల్లు కదా, పని తొందరగానే అయింది. నా గదికి కూడా ఒక లైను వేయమని పెద్ద మేడమే చెప్పింది. నాకు ఏడుపొచ్చింది.

నిన్న పైపులకు గేజ్ బిగించి, ఎక్కడైనా కారుతుందేమోనని ప్రెషర్ ఎక్కించారు. ఈరోజు పైన కాంక్రీటు పోయాలి. పొద్దున టీ ఇవ్వడానికి వెళ్తే గేజ్‌లో ముల్లు దిగి ఉంది. చలికి ఆమాత్రం దిగుతుందన్నాడు ఫోర్‌మన్. సరేననుకున్నాను. ఎండెక్కాక చూస్తే ఇంకా దిగింది...

రాజోలులో మీరే మనింటి పైపులు వేసినప్పుడు నన్ను గేజ్ ముందు పీటేసి కూర్చోబెట్టారు, గుర్తుందా? "మనుషుల మొకాలు సూడకే, ముల్లు సూడు. దిగతందంటే ఎక్కడో కారతన్నట్టే." ఆ మాటే చెవిలో మోగింది. కానీ వంటమనిషి మాట ఎవరు వింటారు? తప్పయితే ఏం గతి? వచ్చే నెల నా వీసా గడువు తీరుతుంది, కఫీలే పొడిగించాలి. కాంక్రీటు లారీ గేటు దాకా వచ్చేసింది. అయినా వెళ్ళి కఫీల్‌తో చెప్పాను.

ఒక్కొక్క లైనూ మూసి చూశారు. కారుతున్నది ఏదో తెలుసా? నా గదిదే. గుమ్మం దగ్గర మేకు గుచ్చుకుంది. కొత్త పైపు లేదు, లారీ ఆగదు. ఆ ఒక్క లైనూ మూసేసి, ఖలాస్ అని పైన కాంక్రీటు పోసేశారు.

నోరు మూసుకుని ఉండాల్సిందా? అప్పుడు రేపు ఇల్లంతా మళ్ళీ పగలగొట్టేవారు, ఆవిడ ఇంకో చలికాలం మంచం దిగేది కాదు. అది తెలుసు. అయినా భయంగానే ఉందండీ. ఫోర్‌మన్ నా వంక చూడటం లేదు. కఫీల్ మంచీ అనలేదు, చెడూ అనలేదు. పైగా ఇంకో దిగులు... నేల వెచ్చబడ్డాక పాదాలు రుద్దడానికి నేనెందుకు? వీసా పొడిగిస్తారా? పంపించేస్తే పిల్ల చదువు ఏం కావాలి? ఎవరిని అడగను?

నేల పూర్తిగా ఆరడానికి నెల పడుతుందట. ఆ తర్వాత మళ్ళీ ప్రెషర్ ఎక్కించి వేడి వదులుతారు. అప్పటికి ఇక్కడే ఉంటే, చల్లటి నా గదిలోంచి పీట తెచ్చుకుని గేజ్ ముందు కూర్చుంటాను.

ముల్లు దిగితే మళ్ళీ చెబుతాను.

మీ
మార్త