ధర తేలేదాకా అట్టపెట్టె

ఒరేయ్ తమ్ముడూ,

ఇది చదివి చించెయ్. కళ్లకు తగిలించుకుంటే వేరే లోకం చూపిస్తుందట, మీ షాపులోకి రాబోయే ఆ వీఆర్ హెడ్‌సెట్. దాని ధర తేలిందా అని మీ బావ రోజూ నీ ప్రాణం తోడేస్తున్నారు కదా! ఈలోపు అలవాటు కావాలని చెప్పుల అట్టపెట్టె కళ్లకు కట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నారు. మొన్న బీరువాకు గుద్దుకుని, "అబ్బ, అచ్చం నిజంలాగే ఉందే!" అన్నారు.

ధర అందుబాటులో ఉంటే కొనేస్తారు, డబ్బులు దండగ. మండిపోతుంటే ఆశ వదులుకుని పెట్టె విప్పేస్తారు, అది నాకు ఇంకా నష్టం. అందుకని ఎన్నిసార్లు అడిగినా "రేపో మాపో తేలుతుంది బావా" అంటూ నాన్చు.

పెళ్లయిన నాటి నుంచి మూలమూలా దుమ్ము వెతికే మనిషి, నిన్న ఆ పెట్టెతోనే వంటింట్లోకి వచ్చి నిలబడి, "ఇవాళ ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో!" అన్నారురా.

నీ అక్క