పారకు పొడుగు కర్ర

అమ్మకు, నా నడుం గురించి బెంగ పెట్టుకోకు, ఇప్పుడు చక్కగా ఉన్నాను.

ఇక్కడ రైతు కూరగాయల తోటలో కలుపు తవ్వడానికి మాకు జానెడు కర్ర ఉన్న పారలే ఇచ్చేవాళ్ళు. పొద్దస్తమానం వంగే ఉండాలి. అలా అయితే నడుం ఎత్తినవాళ్ళు మేస్త్రికి ఇట్టే కనబడతారట! నేను గోడ పట్టుకుని నడవడం చూసి మా సందులోని వడ్రంగి మామ, "పారలన్నీ పట్రండే, పొడుగు కర్రలేస్తాను" అన్నాడు. కర్రలు చాలకపోతే సందు సందంతా కదిలింది. మంగలన్నయ్య పాత గొడుగు కర్ర ఇచ్చాడు, పాలమ్మే పిన్ని బట్టలారేసే కర్ర ఇచ్చింది.

మర్నాడు మాతోపాటు వాళ్ళూ వచ్చి గట్టుమీద నిలబడ్డారు. మేస్త్రి ఇంతెత్తున ఎగిరాడు. పిన్ని మిగిలిన ఒక్క పొట్టి పార అతని చేతిలో పెట్టి, "ఒక్క సాలు తవ్వి చూపించు నాయనా, నోరెత్తకుండా పోతాం" అంది. సగం సాలు కాకముందే "అబ్బా" అని నడుం పట్టుకున్నాడు. మంగలన్నయ్యే లేవదీశాడు. ఆ కూరలు కొనేది ఈ సందువాళ్ళే కదా, రైతు కూడా గొణుక్కుంటూనే సరేనన్నాడు. ఈసారి వస్తే పొడుగయ్యావేమిటే అంటావు, చూడు.

మేక ఈనిందా? చెల్లి కళ్ళజోడు బాగు చేయించారా? నా దుప్పటి ఎవరికీ ఇవ్వకు. చెల్లికి ముద్దులు. నాన్నకు నమస్కారాలు చెప్పి, నీ చీపురుకు కూడా పొడుగు కర్ర కట్టమను. నవ్వితే మాత్రం, ఒక్క గది ఊడ్చి చూపించమని ఆ చీపురు ఆయన చేతికే ఇవ్వు.

నీ పెద్దమ్మాయి