ఐసులో పూడ్చిన మందు

సుజాతా,

చివరి రోజు పొద్దున ఆత్మకూరు ఆసుపత్రిలో నువ్వు రెండు గుక్కల కాఫీ తాగి, "ఆ సూదిమందు పనిచేయలేదండీ" అన్నావు. మధ్యాహ్నం పోయావు.

నిన్న ఉదయగిరిలో మన ఎదురింటి ఖాదర్ తన భార్యకు ఆత్మకూరు మందుల షాపు నుంచి అదే క్యాన్సర్ మందు తెచ్చాడు. కణితి దగ్గరికి చేరేలా, సన్నని కొవ్వు బుడగల్లో నింపిన మందు అది. గడ్డకడితే బుడగలు పగిలి చెడిపోతుంది.

"ఏంది ఖాదర్, సీసా రాయి మాదిరుండాది?"

"షాపాయన సోమశిల చేపల్లాగా ఐసులో పూడ్చి ఇచ్చినాడన్నా. ఎంత చల్లగుంటే అంత మంచిదంట!"

నీ మందూ ఆ షాపు నుంచే నేరుగా నర్సు చేతికి వచ్చేది. ఎలా వచ్చేదో మనం చూడలేదు.

ఆ సూది వేయించవద్దని ఖాదర్‌కు చెప్పాను. రేపు పొద్దున అతనితో ఆత్మకూరు పోయి, మందులు ఎలా దాస్తున్నాడో చూడటానికి ఆ షాపాయన చేత ఫ్రిజ్ తెరిపిస్తాను.