కిక్కర్ లేని బండి

నవంబర్ 9, 2024. శనివారం

ఈయన బండి కొంటున్నాడు. చెన్నైలో బుక్ చేసి వచ్చి, చెప్పులు విప్పుతూ చెప్పాడు. ఏ బండి అని అడిగాను. ఫోన్ చేతిలో పెట్టాడు. ఎర్ర ట్యాంకు, పక్కల వెండి మెరుపు, గుండ్రటి హెడ్‌లైటు. ట్యాంకు మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు. బి.ఎస్.ఎ.

బాగుందన్నాను. ఫోన్ తిరిగి ఇచ్చేశాను. వంటింట్లోకి వెళ్ళి, వండేదేమీ లేకపోయినా స్టవ్ వెలిగించాను.

ఆ కంపెనీ ఎప్పుడో మూతపడిందనుకున్నాను. మళ్ళీ వచ్చిందట. పాత బ్రిటిష్ బండి రూపం, లోపలంతా కొత్త ఇంజన్. రెట్రో మోడల్. చూడడానికి పాతది, తోలడానికి కొత్తది, అంతకంటే ఏం కావాలి అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు.

నవంబర్ 10, ఆదివారం

ఈ ఇంట్లో ఇంతకుముందు ఒక బి.ఎస్.ఎ. ఉండేది. దాని గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడరు. అందుకే రాసుకుంటున్నాను.

అది ఈయన అన్న పెంచల్‌ది. యాభైల నాటి బండి. కొడవలూరులో ఒక రైసుమిల్లు షెడ్డులో గోనెసంచుల కింద తుప్పు పట్టి పడి ఉంటే తెచ్చుకున్నాడు. పగలు పొలం, సాయంత్రం బండి. విప్పడం, బిగించడం. రెండేళ్ళకు అది పలికింది. ఆ చప్పుడు వింటే ఇక్కడ విడవలూరులో పిల్లలు రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చేవాళ్ళట.

ఆ బండి మీదే నన్ను చూడడానికి మా ఇంటికి వచ్చాడు. వెనక తమ్ముడు. ఆ పూటే నిశ్చితార్థం కూడా అయింది. పెళ్ళి కార్డులు పంచడానికి ఒక్కడే రామతీర్థం వైపు పోయినప్పుడు, వానలో, కాలవ కట్ట మీద బండి జారింది. కార్డులు పసుపు వదిలి నీళ్ళలో తేలాయట. 2001 నవంబర్.

కర్మంతరాలు కాకముందే మామయ్య బండిని పాత ఇనుము వాడికి ఇచ్చేశాడు. తర్వాత ఆరు నెలలకు పెద్దవాళ్ళు కూర్చుని నన్ను తమ్ముడికిచ్చి చేశారు. అలా నేను ఈ ఇంటికే వచ్చాను. పెళ్ళాడవలసిన మనిషి బావగారయ్యాడు. హాల్లో ఫోటో ఉంది. దండ మారుస్తాను. ఇన్నేళ్ళలో ఆయన్ని ఏ వరసతోనూ పిలవలేదు, మనసులో కూడా.

అత్తయ్య నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అత్తల కథలు చెప్పుకునే మా కాలేజీ స్టాఫ్ రూమ్‌లో నేను అదృష్టవంతురాలిని. అత్తయ్య నా వైపు చూసే చూపు నాకు తెలుసు. నా బిడ్డను నాతోపాటు పోగొట్టుకున్న పిల్ల, అని ఆ చూపు.

నవంబర్ 15, శుక్రవారం

ట్రయంఫ్, నార్టన్, మ్యాచ్‌లెస్, ఏరియల్. అన్నం తింటూ ఈయన చదివే పాత బ్రిటిష్ బళ్ళ పేర్లు ఇవి. యూట్యూబ్‌లో ఎవరో ఇంగ్లండు ముసలాయన తన బండి చప్పుడు వినిపిస్తాడు, ఈయన కళ్ళు మూసుకుని వింటాడు. పాతవాటికి నిలబడ్డ చోటల్లా నూనె కార్చే గుణం ఉండేదట. కొత్తది ఒక్క చుక్క కార్చదట. అదేదో లోటు అన్నట్టు చెప్పాడు.

నవంబర్ 23, శనివారం

బండి వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. అత్తయ్య బయటికి రాలేదు. చెన్నై నుంచి మా అమ్మాయి వీడియో కాల్‌లో చూసి, డాడీకి మిడ్‌లైఫ్ క్రైసిస్ అని నవ్వింది. ఈయనా నవ్వాడు.

తర్వాత బండెక్కి, కుడికాలు పైకెత్తి, గాల్లో తన్నాడు.

ఈ బండికి కిక్కర్ లేదు. బటన్ నొక్కితే స్టార్ట్ అవుతుంది. తనకే గుర్తొచ్చి బటన్ నొక్కాడు. కానీ ఆ తన్నడం నేను చూశాను. ఒళ్ళంతా లేచి, గడ్డం ఎడమ భుజం వైపు తిరిగి, అంత బరువూ ఒక్కసారి కాలి మీదికి దిగడం. అలా తన్నేవాణ్ణి ఒక్కణ్ణే చూశాను, మా ఇంటి ముందు, నిశ్చితార్థం అయ్యాక వెళ్ళిపోతున్నప్పుడు.

ఈయన ఆ పాత బండిని ఒక్కసారీ తోలలేదు. ఎప్పుడూ వెనకే.

నవంబర్ 26, మంగళవారం

చప్పుడు చాలలేదట. నెల్లూరు తీసుకెళ్ళి సైలెన్సర్ మార్పించుకొచ్చాడు. సాయంత్రం ఇంటి ముందు ఆగితే వంటింట్లో స్టీలు ప్లేట్లు సన్నగా మోగాయి.

అత్తయ్య తన గదిలోంచి వచ్చి గడపలో నిలబడింది.

"పెంచలా, అన్నం తినేసి పో."

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఈయన ఇంజన్ ఆపాడు.

"వస్తుండా మా."

వచ్చి, కాళ్ళు కడుక్కుని, కూర్చుని తిన్నాడు. అత్తయ్య దగ్గర కూర్చుని నెయ్యి వేసింది.

నవంబర్ 27

అత్తయ్యను అడిగాను. మతిమరుపేమో, డాక్టరుకు చూపిద్దామా అని నా భయం. మతి బాగానే ఉంది. వచ్చింది తన రెండో కొడుకు నరేంద్రేనని తెలుసట. పెంచల్ పేరు నోటి దాకా వచ్చింది, ఈసారి మింగబుద్ధి కాలేదు అంది.

"ఇన్నేళ్ళకి పలికినాడు మే. ఎవురు పలికితే ఏంది?"

డిసెంబర్ 1, ఆదివారం. ఉదయం

షెడ్డులోకి వెళ్తే ఈయన గొంతుక్కూర్చుని, చిన్న డబ్బాతో బండి కింద నేల మీద నూనె చుక్కలు వేస్తున్నాడు. నన్ను చూసి డబ్బా మూత పెట్టాడు. నేను చీపురు కోసం వచ్చానన్నాను.

డిసెంబర్ 4

తెల్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలు కుట్టించుకొచ్చాడు. ఈయన తెల్లవి వేసుకోడు. ఫోటోలో ఉన్నది తెల్లదే.

డిసెంబర్ 8, ఆదివారం

కాలవ వంతెన దగ్గర టీ కొట్టు మస్తానయ్య నా స్కూటర్ ఆపాడు. ఆ రోజు పెంచల్‌ను నీళ్ళలోంచి తీసినవాళ్ళలో ఆయన ఒకడు. రోజూ సాయంత్రం ఆ బండి వంతెన మీదికి వచ్చేసరికి తనకు తెలియకుండానే లేచి నిలబడుతున్నాడట. నరేంద్రబాబును ఇంకో దారిన పొమ్మని చెప్పమ్మా అన్నాడు. నా చేతి నిండా ఉడుకు టీ పోసుకుంటుండా అని చెయ్యి చూపించాడు. బొబ్బలు.

డిసెంబర్ 12, గురువారం

వాన. ఈయన తడిసి ముద్దై వచ్చాడు. రామతీర్థం నుంచే. వానలో ఆ కట్ట మీద ఎందుకు అని అడిగాను. దండెం మీది తుండు అందుకున్నాడు.

అప్పుడే కరెంటు పోయింది. వరండాలో అటు తిరిగి తల తుడుచుకుంటున్నాడు. వీపుకు అతుక్కున్న తెల్ల చొక్కా తప్ప ఏమీ కనబడడం లేదు. ఎందుకో నా నోట్లోంచి ఒక మాట వచ్చింది.

"ఎవరు?"

నా మొగుణ్ణి, నా ఇంట్లో, అడిగాను.

"ఎవురు కావాల?" అన్నాడు. తిరిగి చూడలేదు.

డిసెంబర్ 13

కాఫీ తాగుతూ అడిగాడు, నిశ్చితార్థం రోజు మీ పెరట్లో అన్న నీతో ఏం మాట్లాడినాడని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అడగని మాట. కాలేజీకి టైమైందని లేచిపోయాను. క్లాసులో ఒక ఈక్వేషన్ బ్యాలెన్స్ చెయ్యలేక బోర్డు తుడిచేశాను.

డిసెంబర్ 22, ఆదివారం

రామతీర్థం బీచికి పోయొచ్చాం. అంతా రాస్తాను.

పొద్దున్నే తయారు కమ్మన్నాడు. అత్తయ్య గేటు దాకా వచ్చి నిలబడింది. వెనక కూర్చున్నాను. నేను ఈయన్ని పట్టుకోలేదు, సీటు వెనక కడ్డీ పట్టుకున్నాను. పొలాల్లో నీళ్ళ మీద మంచు. కట్ట మీద ఆ మలుపు వచ్చినప్పుడు వేగం తగ్గించాడు. ఆపలేదు. వంతెన దగ్గర మస్తానయ్య లేచి నిలబడ్డాడు.

బీచ్‌లో వల లాగేవాళ్ళు తప్ప ఎవరూ లేరు. స్టాండు ఇసుకలో దిగబడకుండా కింద చెక్కముక్క పెట్టి వచ్చి, నా పక్కన కూర్చున్నాడు. ఈ బండి తన కోసం కాదట. నా కోసమట. అన్న బతికుంటే ప్రతి ఆదివారం నిన్ను వెనక కూర్చోబెట్టుకుని ఇక్కడికి తెచ్చేవాడు, నీకు రావలసిన వాటిలో నేనివ్వగలిగింది ఇదొక్కటే కనబడింది అన్నాడు. ఇన్నాళ్ళూ నువ్వు నాతో ఏ లోటూ చెప్పకుండా కాపురం చేశావు, కానీ నాకు తెలుసు అన్నాడు.

ఏమీ తెలియదు ఈ మనిషికి.

ఆ రోజు పెరట్లో పెంచల్ నాతో కార్బురేటర్ గురించి మాట్లాడాడు. అందులో ఏదో చిన్న భాగం మద్రాసులో కూడా దొరకడం లేదట. నేను కెమిస్ట్రీ అని విని, ఇత్తడి మీద పచ్చ చిలుము పోవాలంటే ఏం వాడాలని అడిగాడు. నిమ్మరసం, ఉప్పు అన్నాను. అంతే. మంచివాడు. అంతకు మించి నాకేమీ తెలియదు.

అది చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. అప్పుడు మిగతాదీ చెప్పేశాను.

నిశ్చితార్థం రోజు మేడ మీద కిటికీలోంచి చూశాను. బండి మీంచి ఇద్దరు దిగారు. ఒకాయన లోపలికి పోయాడు. రెండోవాడు వెనకబడి, చొక్కా కొసతో ట్యాంకు మీద దుమ్ము తుడిచి, హెడ్‌లైటులో మొహం చూసుకుని క్రాపు సర్దుకున్నాడు. పెళ్ళికొడుకు ఇతనే అనుకున్నాను. చాలా సంతోషమైంది. కాఫీ తీసుకుని కిందికి పోతే కుర్చీలో ఇంకొకాయన ఉన్నాడు. ఆ పూటంతా తల ఎత్తలేదు. సిగ్గనుకున్నారు.

కబురు వచ్చిన రోజు నాకు ఏడుపు రాలేదు. అమ్మ తువ్వాలు ఇచ్చింది. మొహానికి అడ్డం పెట్టుకున్నాను. తువ్వాలు పొడిగానే ఉంది.

నేను చూసింది మిమ్మల్నే అన్నాను. మొదటి నుంచీ మిమ్మల్నే.

ఎప్పుడు చెప్పినా ఈ మాట ఈయనకు పండగ అవుతుందనుకున్నాను. అందుకే భద్రంగా దాచుకున్నాను. ఈయన సముద్రం కేసి చూస్తూ అడిగాడు.

"అయితే అన్న కోసం ఎవురూ ఏడవలేదా?"

అత్తయ్య ఉంది కదా అన్నాను.

"అమ్మని నాయన ఏడవనియ్యలా. పెళ్ళి కావాల్సిన పిల్లకే అంత కష్టం వచ్చిందే, నువ్వు గొంతెత్తబాక అన్నాడు. నువ్వు ఏడుస్తుండావనే మేమంతా ఊరుకుండేది."

"మరి మీరు?"

"నేనెట్టా ఏడ్చేది? అన్న పొలం నాకొచ్చె. అన్న గది నాకొచ్చె. నువ్వు వస్తివి. ఏడుపన్నా నీకు ఉండాలని వదిలేసినా."

తిరిగి వచ్చేటప్పుడు సీటు మీద మా ఇద్దరి మధ్య ఇంకో మనిషి కూర్చునేంత ఎడం ఉంది. నేను ముందుకు జరగలేదు.

డిసెంబర్ 23

కాఫీ తనే పెట్టుకుని తాగాడు.

డిసెంబర్ 27, శుక్రవారం

బండి మీద పట్టా కప్పేశాడు. ఈ రోజు ఫోటోకు దండ మార్చబోతే నా చేతిలోంచి తీసుకుని తనే వేశాడు. విసురుగా కాదు. మెల్లగానే.

ఈ ఇంట్లో నాకు దొరికిన మర్యాదంతా దేని మీద నిలబడిందో ఇప్పుడు కనబడుతోంది. ఆ పొడి తువ్వాలు మీద.

జనవరి 1, 2025

తువ్వాలు సంగతి వాళ్ళ అమ్మకు చెప్పేశాడు. అత్తయ్య నాకు వడ్డించింది. కూర వేసింది. మొహం చూడలేదు.

జనవరి 4, శనివారం

మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి షెడ్డులోంచి ఒక చప్పుడు. మొదట ఏ పశువో అనుకున్నాను. ఈయన. పట్టా సగం తీసి, ట్యాంకు మీద తల పెట్టి ఏడుస్తున్నాడు. ఇరవై రెండేళ్ళ కుర్రవాడు ఏడవాల్సిన ఏడుపు, నలభై అయిదేళ్ళ గొంతులో.

అత్తయ్య నన్ను దాటుకుని లోపలికి వెళ్ళింది. నేల మీద, నూనె మరకల పక్కన కూర్చుంది. ఆమె కూడా మొదలుపెట్టింది. నేను వాకిట్లోనే నిలబడ్డాను. నాకు అక్కడ చోటు లేదనిపించింది. కాసేపటికి అత్తయ్య తల తిప్పింది.

"నువ్వూ రా."

"నాకు ఏడుపు రాదు అత్తయ్యా."

"రాకపోతే ఊరికే కూర్చో."

కూర్చున్నాను. పొద్దు వాలేదాకా వాళ్ళిద్దరూ పెంచల్ గురించి చెప్పుకున్నారు. ఒకళ్ళ మాట ఒకళ్ళు అందుకుంటూ, ఒక్కోచోట నవ్వుతూ. కప్పలంటే భయమట, వరి పొలంలో పుట్టి పెరిగినవాడికి. పైపుతో పెట్రోలు పీలుస్తూ మింగేసి, నాయనకు తెలుస్తుందని రోజంతా నోట్లో యాలకులు వేసుకుని తిరిగాడట. నిశ్చితార్థం నుంచి వస్తూ దారిలో బండి ఆపి, ఆ పిల్లకు నేను నచ్చలేదేమోరా, తల ఎత్తలేదు అని తమ్ముడితో అన్నాడట.

బావగారు ఆ మాట అన్నారా, అని అడిగాను. ఆ వరస నా నోట్లోంచి రావడం అదే మొదలు. అత్తయ్య నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

జనవరి 8, బుధవారం. సాయంత్రం

వాన లేదు. గాలి లేదు. కాలవ వైపు నుంచి బండి చప్పుడు వచ్చింది. మాది కాదు. మాది షెడ్డులో ఉంది, ఈయన నా పక్కన కూర్చుని చిక్కుళ్ళు వలుస్తున్నాడు. ముగ్గురం వరండాలోకి వచ్చాం. చప్పుడు మా గేటు దాకా వచ్చి నెమ్మదించింది. రోడ్డు మీద ఎవరూ లేరు.

ఈయన నోరు తెరిచాడు. అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది.

"పిలవబాక. పోనీ."

చప్పుడు సముద్రం వైపు పోయింది.