అక్కా, నీ విల్లుకు కొత్త రెస్ట్ బిగించాను

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరగానే నువ్వు మోజుపడి కొనుక్కున్న కప్పీల కాంపౌండ్ విల్లుకు ఈ సాయంత్రం, మొయినాబాద్‌లో మన ఇంటి వెనకే, డ్రాప్-అవే రెస్ట్ బిగించాను. విల్లు లాగినప్పుడు ఓ సన్నని తాడు పైకెత్తితే బాణాన్ని మోసే ఆ చిన్న కొక్కెం, బాణం వదలగానే కిందికి పడిపోవాలి. నేను బిగించింది ఆలస్యంగా పడింది. ఈకలు దానికి తగిలి బాణం పక్కకు పోయింది.

దండెం మీది బట్టలు తీస్తున్న అమ్మ ఆగి చూసింది. "దాని తాడు జర వదులు చెయ్యి బిడ్డా. మీ అక్క గట్లనే చేస్తుండె."

వదులు చేశాను. ఈసారి బాణం సూటిగా వెళ్లి లక్ష్యంలో దిగింది.

నువ్వు నేర్పింది నాకొక్కదానికే అనుకున్నాను. నిన్ను చూస్తూ అమ్మ కూడా నేర్చుకుందని ఇప్పుడే తెలిసింది. నీకెంతో రుణపడ్డాం, అక్కా. అమ్మ తానే వెళ్లి బాణం పీకి తెచ్చి, "ఇంకోటి కొట్టు" అంది.