జనం ఎక్కువైన చోటు

బావగారికి,

సోమవారం నుంచి మీరు రానక్కర్లేదు. అక్కకీ అమ్మకీ కూడా చెప్పేయండి.

ఎవరి పని వాళ్లు చేసుకునేవాళ్లకు బల్లా కుర్చీ అద్దెకిచ్చే కోవర్కింగ్ ఆఫీసు పెడతానంటే, "అద్దె గదిలో మళ్లీ అద్దెకా?" అని మీరు నవ్వారు. నేను అద్దె ఒక్కటే ఖర్చనుకున్నాను. నలభై కుర్చీలకని పెట్టించిన ఏసీ ఒక్కరు కూర్చున్నా అంతే కరెంటు లాగుతుందనీ, కాఫీ మిషన్ బాగుచేసేవాడు నాకంటే ఎక్కువ సంపాదిస్తాడనీ తర్వాత తెలిసింది. అన్నిటికంటే ఖరీదైంది ఖాళీ కుర్చీ. చూడ్డానికి వచ్చినవాళ్లు వాటిని చూసి గుమ్మంలోంచే వెనక్కి పోయేవారు. అందుకే మీ అందరికీ లాప్‌టాప్‌లు ఇచ్చి కూర్చోబెట్టాను.

మీరు మనస్ఫూర్తిగానే నటించారు, కాదనను. కానీ అవతల ఎవరూ లేని ఫోన్లో "ఆ కంటైనర్లు రేపటికల్లా దిగాలయ్యా!" అని రోజుకు పదిసార్లు అరవమని నేను చెప్పలేదు.

నిజంగా డబ్బు కట్టి కూర్చునేది ఒక్కావిడే, కిటికీ పక్కన అనువాదాలు చేసుకునే ఆవిడ. నిన్న లాకరు తాళంచెవి నా చేతిలో పెట్టేసింది.

"మీ వ్యాపారం బాగా సాగుతోంది, సంతోషం. ఇంత జనంలో నాకే పని సాగట్లేదండీ" అంది.

తేలు కుట్టిన దొంగలా తాళంచెవి గుప్పిట్లో మూసుకున్నాను.

ఆవిడ కుర్చీలోనే కూర్చుని ఇది రాస్తున్నాను. ఏసీ ఆపేశాను. ఎంత ప్రశాంతంగా ఉందో! పని చేసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఊళ్లో దొరకదు.

మీ మరదలు