కుక్కపిల్లకొచ్చిన భాష

లింగ్యా బావకు,

నువ్విచ్చిన కుక్కపిల్ల మంచిగనే ఉన్నది. నేనే మంచిగ లేను. ఫోన్ చేస్తే నీ చెల్లె గీత పక్కనుండి వింటదని కాయితం రాస్తున్న.

ఆ రోజు మీ తండాల నేను బొద్దుగున్న తెల్లదాన్ని పట్టుకున్న. గీత మీ భాషల ఏందో అని పిలిస్తే గీ బక్క నల్లది ఉరికొచ్చింది. "గిదే కావాలె" అన్నది. తెచ్చుకున్నం. మానుకోటల మా ఓనరమ్మ, అది మొరిగితే ఇల్లు ఖాళీ చేయాలె అన్నది. గందుకని అది కుయ్యిమంటే చాలు, గీత ఒళ్లె పండుకోబెట్టుకొని చెవుల గుసగుసలు పెడ్తది. అన్నీ మీ లంబాడి మాటలే! నా చాయల పాలు తక్కువైనయి, దాని గిన్నెల ఎక్కువైనయి. గది పోనీ.

పెండ్లై మూడేండ్లాయె బావ, నాతోని మీ భాషల ఒక్క ముచ్చటన్న చెప్పిందా? లంబాడి మాటలు ఓనరమ్మ వింటే ఏమనుకుంటదోనని ఇంట్ల తెలుగే మాట్లాడుదామనుకున్నం. అనుకున్నం అంటే, నేనన్న, గీత సరే అన్నది. గిప్పుడు కుక్కతోని ముచ్చట పెట్టి నవ్వుతది. ఏమన్నవే అని అడిగితే, "నీకెందుకు, దానికి సమజైంది" అంటది.

మీ భాషల 'ఇటు రా' అని ఎట్ల పిలుస్తరో జర రాసి పంపు బావ. నేనడిగిన్నని గీతకు చెప్పకు. నిన్న వంటింట్ల నుంచి మీ భాషల పిలిచింది. ఇద్దరం విన్నం. కుక్కపిల్ల ఒక్కటే ఉరికింది.

ఇట్లు,
నీ చెల్లె మొగడు